సముద్రం వైపు తెల్లగోడ

ఇల్లు రోడ్డుకు వీపు పెట్టి ఎందుకు కూర్చుంది అమ్మమ్మా అని అడిగావు కదా, నేను ఫోన్లో పంపిన ఫోటో చూసి. ఇల్లు కట్టిన నాటికి రోడ్డు లేదు తల్లీ. అప్పుడు ఎవరొచ్చినా కాలువలో పడవ దిగి, సరుగుడు తోపుల్లోంచి ఇసుకలో నడుచుకుంటూ, ఇంటిని చుట్టి సముద్రం వైపున్న పంచలోకే వచ్చేవాళ్ళు. రోడ్డు ఎన్నో ఏళ్ళ తర్వాత వెనకనుంచి వచ్చింది. వెనకనుంచి వచ్చినవాళ్ళకు వీపే కనిపిస్తుంది మరి. అందులో ఇంటి తప్పేం లేదు.

నీ ప్రశ్నకు జవాబు అంతే. కానీ నేనిప్పుడు ఆ పంచలోనే కూర్చుని ఉన్నాను. ఎదురుగా కుండల్లో గుల్లసున్నం కుతకుతమంటోంది. కాల్చిన గవ్వల మీద నీళ్ళు పోస్తే పొయ్యి అక్కర్లేకుండానే అట్లా ఉడుకుతుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు నోరు ఊరుకోదు. మీ అన్నను కూడా పిలువు. మధ్యలో లేచిపోయినా నేనేమీ అనుకోను.

ఇది మా అమ్మ పుట్టిల్లు. ఇప్పుడు మా మేనమామ కూతురిది, అంటే నా మరదలిది. పోయిన ఏడు ఒకాయన కారులో వచ్చాడు. ఇది పడగొట్టేసి టూరిస్టులకు గదులు కడదాం, ప్రతి గదికీ అద్దాల కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది అన్నాడు. నా మరదలు ఆయనకు కాఫీ ఇచ్చింది, పోయేటప్పుడు వేరుశనక్కాయలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. పొట్లం కట్టి ఇచ్చిందంటే మా వాళ్ళలో మాట అయిపోయినట్టు, ఇక ఆ ఊసెత్తొద్దని. ఆ తర్వాత మేస్త్రీలను పిలిపించింది. మధ్యలో ఎవరో పూసిన సిమెంటంతా గీకించి, మళ్ళీ పాత పద్ధతిలో సున్నం పూయిస్తోంది. చెదపట్టిన దూలం ఒకటి మార్పించింది. పెంకులు దించి, కడిగి, మళ్ళీ ఎక్కిస్తున్నారు. తోడుండమంటే నేనొచ్చాను. పనేం చెయ్యను, కూర్చుని చూస్తుంటాను.

నా చిన్నప్పుడు మేముండేది నెల్లూరికి పడమటి వైపు, చెరువు తప్ప వేరే నీళ్ళు ఎరగని ఊరు. ఎండాకాలం సెలవులివ్వగానే అమ్మ మమ్మల్ని తీసుకుని బయల్దేరేది. బస్సు ఆగిపోయిన చోటునుంచి ఎద్దులబండి. సముద్రం కనపడకముందే దాని వాసన వచ్చేది. ముందు ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసన, దాని వెనకే సరుగుడు ఆకు వాసన, ఆ తర్వాత ఉప్పు. ఆ వాసన తగిలిన చోటే మా అమ్మ గొంతు పెరిగేది. అత్తగారింట్లో మెల్లగా మాట్లాడే మనిషి, బండిలో నిలబడి దారినపోయే వాళ్ళను పేరు పెట్టి పిలిచేది. మాకు ఏడాదికొకసారి వేరే అమ్మ దొరికినట్టుండేది.

మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, పంచలో బిందె పెట్టుకుని కాచుకుని ఉండేది. కాళ్ళు కడుక్కోనిదే గడప దాటనిచ్చేది కాదు. అయినా ఇసుక లోపలికి వచ్చేది. పరుపుల్లో ఇసుక, పెట్టెల్లో ఇసుక, ఆఖరికి అన్నంలో ఇసుక. ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకు మెల్లగా నమిలే అలవాటు దానంతటదే వచ్చేది. అవ్వ పొద్దస్తమానం చీపురుతో ఇసుకను తిడుతూ ఉండేది. “పోతావా పోవా, నీకు బయట చోటు లేదా” అని మనిషిని అన్నట్టే అనేది.

గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో ఒక పిల్ల కాళ్ళు ముడుచుకుని నిద్రపోవచ్చు. మధ్యాహ్నం బయట ఇసుక పేలాలు వేయించేంత కాలుతుంటే, లోపల గోడ మాత్రం కుండలాగా చల్లగా ఉండేది. మేం చొక్కాలు విప్పి వీపులు గోడకు ఆనించి కూర్చునేవాళ్ళం. సాయంత్రం అందరి వీపులకూ గోడ అంటుకుని ఉండేది. ఏ గదిలో ఎవరు దూరి అల్లరి చేశారో అవ్వ వీపులు చూసి చెప్పేది. ఎందుకంటే వంటింటి గోడకు పొగ, కొట్టుగది గోడకు బెల్లం మరక, పడకగది గోడకు తెలుపు.

పొద్దున్నే పులిబొంగరాలు, ఎర్రకారం. సాయంత్రం చేపల పులుసు పెట్టేవాళ్ళు, కానీ తిననిచ్చేవాళ్ళు కాదు. రాత్రంతా మట్టికుండలో ఊరి, తెల్లవారి సద్దన్నంలోకి వస్తేనే అది పులుసు అనేది అవ్వ. అందులో పుల్లమామిడి ముక్కలు వేసేది. తెల్లారేసరికి కుండలో చేపలన్నీ ఉండేవి, మామిడి ముక్కలు ఉండేవి కావు. అవ్వ మా వైపు చూడకుండానే “ఈ ఇంట్లో పిల్లి ఎట్టాంటిదో, చేపలొదిలి మామిడికాయ తింటాది” అనేది. మా అన్న మ్యావ్ అనేవాడు. తాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు.

ఇక గోడ సంగతి. ఆ ఇంటికి నాలుగు గోడలుంటే మూడు మావి, నాలుగోది పాలెం వాళ్ళది. సముద్రం వైపు గోడన్నమాట. ఉత్తరాన కూతవేటు దూరంలో చేపలు పట్టేవాళ్ళ పాలెం ఉంది. నీళ్ళ మీదనుంచి చూస్తే ఈ తీరమంతా ఒకటే గీత. ఎటు చూసినా సరుగుడు తోపే. ఆ గీతలో తెల్లగా కనిపించేది ఈ గోడ ఒక్కటే. గోడ, దాని వెనకున్న జంట తాటిచెట్లు ఒక వరసలోకి వస్తే తెప్ప సరైన దారిలో ఉన్నట్టు. కొంచెం పక్కకు పోతే నీళ్ళ కింద ఇసుకతిప్ప ఉంది, తెప్పను తిరగేస్తుంది. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు, పాలు తాగే పిల్లలకు తప్ప.

అందుకని ఏటా ఎండాకాలంలో ఒక రోజు పాలెం వాళ్ళు వేటకు పోకుండా, కాల్చిన గుల్ల గంపలకెత్తుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. తాటిమట్ట చివర నలగ్గొట్టి చేసిన కుంచెలు తెచ్చుకునేవాళ్ళు. ముందు వాళ్ళ ఊరిపెద్ద, పెద్దకాపు అనేవాళ్ళం, ఆయన ఒక పట్టె వేసేవాడు, తర్వాత అందరూ. ఎవరు మొదలుపెట్టారో తాతకూ తెలియదు, పెద్దకాపుకూ తెలియదు. మేం అడగాల్సిన పనీ లేదు, వాళ్ళు చెప్పాల్సిన పనీ లేదు. ఆ రోజు భోజనం మాత్రం మాది. అవ్వ పప్పు, గుత్తివంకాయ, పాయసం చేసేది. చేపలు పట్టేవాళ్ళకు చేప వడ్డిస్తే అదేం భోజనమని ఆమె వాదన. పిల్లలం ఉడికే సున్నంలో దూరంనుంచి గవ్వలు విసిరి, అది చిటచిటమంటే కేకలు పెట్టి, వీపుమీద ఒకటి వేయించుకుని పాయసం దగ్గరకు చేరేవాళ్ళం.

నేను చెప్పే ఏడు ఆ రోజు రాలేదు.

మా మామకు ఆ ఏడు సంబంధం చూస్తున్నారు. అమ్మ తమ్ముడు, ఒక్కగానొక్క కొడుకు. లోపల డెల్టా ఊళ్ళో వరిపొలాలున్న రైతు కూతుర్ని చూసి వచ్చాడు. వచ్చినప్పటినుంచి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు. మజ్జిగలో ఉప్పు రెండుసార్లు వేసుకుని తాగేశాడు, తెలియలేదు. ఆ పిల్ల కాకపోతే ఇంకో పిల్ల వద్దని మా అమ్మతో ఒక్కదానితో అన్నాడట.

అడ్డమొచ్చింది ఇల్లే. పిల్ల తండ్రి మధ్యవర్తితో కబురు చేశాడు: అబ్బాయి మంచివాడే, కానీ ఉప్పుగాలి తినేసిన పెంకుటింట్లోకి నా బిడ్డను పంపలేను, మిద్దె కడితే మాట్లాడదాం అని. మామకు మిద్దె మీద అంతకుముందే మోజు ఉంది. వాళ్ళ మాటల్లో న్యాయం లేకపోలేదు. వానొస్తే కారేది. మేకులు తుప్పుపట్టి పెంకులు జారేవి. అవ్వకు చీపురు పట్టీ పట్టీ నడుం వంగింది. పడగొట్టి, ఇంటిని సరుగుడు తోపు వెనక్కు జరిపి, పడమటి ముఖంగా మిద్దె కడదామని ప్లాను గీయించాడు. పునాదికి ముగ్గు పోయడానికి సున్నం బస్తా తెచ్చి పెరట్లో పెట్టాడు.

తాత ఒకటే అన్నాడు. “నువ్వు ఉండబొయ్యే ఇల్లు నాయనా. పొయ్యేవాణ్ణి, నన్నెందుకు అడుగుతావు.” ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆ ఎండాకాలమంతా అవ్వ ఇసుకను తిట్టడం మానేసింది. వచ్చినదాన్ని వచ్చినట్టు మెల్లగా ఊడ్చేది. మాకదే ఎక్కువ భయమేసింది.

పెద్దకాపు వచ్చి పంచలో కూర్చున్నాడు. మామ ప్లాను చూపించి, కొత్త మిద్దెకూ సున్నం కొడదాం లేన్నా అన్నాడు. తోపు వెనక ఉన్న గోడకు ఎంత సున్నం కొడితే ఏం కనిపిస్తుంది? పెద్దకాపు ఆ మాట అనలేదు. “నీ ఇల్లు గదయ్యా, మాదేముంది” అని లేచాడు. అవ్వ తెచ్చిన మజ్జిగ తాగకుండా పోయాడు. ఆ ఏడు గంపలూ రాలేదు, కుంచెలూ రాలేదు.

పిల్ల తరఫువాళ్ళు ఇల్లూ స్థలమూ చూడడానికి వస్తున్నారని తెలిసింది. పడగొట్టే ఇల్లే అయినా ఆ పూటకు కళగా ఉండాలని మామ టౌనునుంచి రంగు తెప్పించి సముద్రం వైపు గోడకు కొట్టించాడు. చిలకపచ్చ. అప్పట్లో టౌనులో ఆ రంగంటే పిచ్చి. ఆయన కావాలని చేశాడని ఎవరూ అనుకోకండి. పుట్టినప్పటినుంచి ఆ గోడను చూసినవాడే, కానీ ఇసుక మీద నిలబడి చూసినవాడు. తెప్పెక్కి నీళ్ళమీదనుంచి ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. మాకది గోడ, అంతే. ఎండ పడ్డప్పుడు పచ్చగా మెరుస్తుంటే మేం పిల్లలం కూడా చప్పట్లు కొట్టాం.

చుట్టాలొచ్చే రోజుకు మంచి వంజరం చేప తెచ్చిస్తానని పెద్దకాపు అవ్వకు అంతకుముందే మాటిచ్చి ఉన్నాడు. మజ్జిగ తాగకపోయినా మాట మాటే. చీకటితోనే తెప్పలు పోయాయి. అవ్వ చింతపండు నానబెట్టింది, మామిడికాయలు కోసింది, కారం నూరింది. పొద్దెక్కింది. తెప్పలు రాలేదు. చుట్టాలొచ్చారు.

పిల్ల తండ్రి, ఆయన అక్క, వాళ్ళ వెనక ఆ పిల్ల. పెళ్ళికూతురు తనే ఇల్లు చూడ్డానికి రావడమేమిటని వంటింట్లో ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. తండ్రి పంచలో కూర్చుంటూనే అన్నాడు: “తల్లిలేని బిడ్డ. అది కాపరం చేసే ఇల్లు, అదే చూసుకోవాల గదా.” ఆ పిల్ల తల వంచుకోలేదు, పైకెత్తుకునీ కూర్చోలేదు. నీళ్ళిస్తే తాగింది. కిటికీ గూట్లో కూర్చున్న నన్ను చూసి, “అక్కడ నేను పడతానా?” అంది. మా అత్త నాతో అన్న మొదటి మాట అదే.

మామ బయట వాళ్ళకు స్థలం చూపిస్తున్నాడు. ఇక్కడ హాలు, ఇక్కడ వంటగది, మెట్లు ఈ పక్క. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. పాలెం ఆడవాళ్ళు ఒకరొకరుగా వచ్చి మా గోడ ముందు ఇసుకలో నిలబడుతున్నారు. ఎవరూ ఏడవడం లేదు, ఎవరినీ ఏమీ అనడం లేదు. సముద్రం వైపు చూస్తున్నారు. వాళ్ళలో ఒక ముసలామె వెనక్కు తిరిగి గోడను చూసింది, మెల్లగా కూలబడింది. మామ కూడా తిరిగి గోడను చూశాడు.

పొద్దు వాలేటప్పుడు దక్షిణంనుంచి గట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చారు. అందరూ వచ్చారు, ముందే చెబుతున్నాను, కంగారు పడకండి. ఎండపొగలో గోడ కనపడక, గాలికి కొట్టుకుపోయి, ఎక్కడో ఏరు సముద్రంలో కలిసే మొగకు అవతల గట్టెక్కారు. ఒక తెప్ప తిప్పమీద తిరగబడింది. దానిమీద మనిషికి చెయ్యి విరిగింది. అతణ్ణి తెచ్చి మా పంచలో కూర్చోబెట్టారు, వణుకుతున్నాడు. పెద్దకాపు భుజం మీది వంజరాన్ని మెట్టుమీద పెట్టాడు.

“ఆలస్యమైందక్కా. పులుసు పెట్టు” అన్నాడు అవ్వతో. తర్వాత మామ వైపు తిరిగాడు. “రంగు బాగుండాదయ్యా. నీళ్ళమీదకి మటుకు తోపులో కలిసిపొయ్యింది.”

తిట్టి ఉంటే మామ తట్టుకునేవాడేమో. 

అప్పుడు ఆ పిల్ల లేచింది. ఎవరూ చెప్పకుండానే మా వంటింట్లోకి పోయి, గంజి ఎక్కడుందని అవ్వనడిగి, వేడిచేసి, ఉప్పేసి తెచ్చింది. చెయ్యి విరిగిన మనిషి లోటా పట్టుకోలేకపోతే తనే పట్టుకుని తాగించింది. వాళ్ళ మేనత్త గొంతు సవరించుకుంది, ఈమె వినలేదు. “ఈ గోడ సంగతేందక్కా?” అని మా అమ్మనడిగింది. అమ్మ చెప్పింది. ఆ పిల్ల మొత్తం విని, ఇంటిని చుట్టుకుని ఒక్కతే సముద్రం వైపు నడిచింది. మామ అప్పటికే అక్కడ ఉన్నాడు.

మేం ఊరుకుంటామా? పిల్లలమంతా ఎండబెట్టిన వలల వెనక బోర్లా పడుకున్నాం. చూడ్డానికి బాగానే కనిపించింది, వినడానికే లేదు. గాలి ఆ పూట మాకు ఎదురు తిరిగింది. మాటలన్నీ అటు తోపులోకి ఎగిరిపోయాయి. ఆ పిల్ల ఏదో అంది. ఆమె గోడమీద చెయ్యి ఆనించింది. అరచేతికి పచ్చరంగు అంటుకుంది. అరచేతిని చూసుకుని, మామకు చూపించి, ఇంకొక్క మాట అంది. చిన్న మాటే, తల ఊపేంతలో అయిపోయింది. మామ సముద్రాన్ని చూశాడు, ఆమెను చూశాడు, నవ్వాడు. ఏడుపు ముందొచ్చి, దాని వెనక నవ్వు వచ్చిందేమో అన్నట్టుంది ఆ నవ్వు.

అంతే, పెరట్లోకి పోయి ఆ సున్నం బస్తా ఈడ్చుకొచ్చాడు. కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోయాల్సిన సున్నాన్ని గాబులో వేసి కలిపాడు. కుంచె లేదు. అవ్వ చీపురు తీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీదే మొదలుపెట్టాడు. పచ్చ మీద మొదటి పట్టె సరిగ్గా ఆనలేదు, మళ్ళీ వేశాడు. కాసేపటికి పెద్దకాపు పక్కన నిలబడి, చీపురు ఎట్లా తిప్పాలో చెయ్యి పట్టి చూపించాడు. పాలెంనుంచి కుంచెలు వచ్చాయి. చీకటి పడేలోపల తెల్లబడాలి, తెల్లవారితే మళ్ళీ వేట.

పిల్ల తండ్రి పంచలో నిలబడి ఇదంతా చూశాడు. “ఏందమ్మా ఇది, ఇల్లు చూడను పిలిచి మీ అబ్బాయి సున్నం కొడతా ఉండాడే?” అన్నాడు అవ్వతో.

“కూర్చోన్నా. పులుసు ఉడకతా ఉండాది” అంది అవ్వ.

మేనత్త మటుకు వదల్లేదు. మిద్దె సంగతేమైందని అడిగింది. అప్పుడే లోపలికి వచ్చిన ఆ పిల్ల కాళ్ళు కడుక్కుంటూ, “మిద్దెలో ఎండకి మాడతాం గదత్తా. ఇక్కడ గోడ చల్లగా ఉండాది” అంది. అదీ అందరూ విన్న మాట. పెద్దకాపు ఆ పూట మజ్జిగ రెండుసార్లు అడిగి తాగాడు. పులుసు ఊరకముందే అందరం తిన్నాం. అవ్వ జీవితంలో ఆ ఒక్కరోజే ఒప్పుకుంది.

పెళ్ళయింది. ప్లాను కాయితం ఏమైందో ఎవరూ వెతకలేదు. అత్త ఆ ఇంట్లోకి వచ్చింది, అట్లాగని ఇంటిని ఉన్నదున్నట్టు పూజలో పెట్టలేదు. వంటింటికి పెద్ద కిటికీ కొట్టించింది, కారేచోట పెంకులు మార్పించింది. గడప ఇంకొంచెం ఎత్తు చేయించింది, ఇసుక కోసం. ఇసుక దాన్నీ దాటి వచ్చేది. అత్తకూడా చీపురు పట్టుకుని తిట్టడం నేర్చుకుంది. కార్తీకమాసపు తుఫానొకటి పాలెంలో కప్పులన్నీ ఎత్తుకుపోయినప్పుడు, అందరూ ఈ గోడల మధ్యకే వచ్చారు. ఏటా సున్నం రోజున పెద్దకాపు తర్వాత రెండో పట్టె మామది. అది కొత్త ఆచారం, మా కళ్ళముందు పుట్టింది.

ఇప్పుడు పడవలకు ఇంజన్లున్నాయి, ఫోన్లో దారి కనిపిస్తుంది. అయినా ఈ వారం గంపలు వచ్చాయి. ఫైబర్ పడవున్న కుర్రాణ్ణి, ఇంకా ఈ గోడెందుకు అబ్బయ్యా అని అడిగాను. “ఫోను నీళ్ళలో పడితే తియ్యలేంగదవ్వా. గోడైతే యాడికీ పోదు” అని కుంచె ముంచుకున్నాడు. నా మరదలు గుత్తివంకాయ చేసింది, పాయసం నేను కాచాను. కొంచెం అడుగంటింది, ఎవరూ ఏమీ అనలేదు. నాకు కడుపు నిండిపోయింది.

ఒకటే మిగిలిపోయింది. అత్తను చిన్నప్పుడే అడిగాను, ఆ రోజు మామతో ఏం చెప్పావని. నీ పెళ్ళయ్యాక చెప్తా అంది. పెళ్ళయ్యాక అడిగితే, బిడ్డలు పుట్టాక అంది. బిడ్డలు పుట్టాక, మనవళ్ళు రానీ అంది. మామనడిగితే, చెప్పింది నేను కాదుగదా, ఆమెనే అడుగు అనేవాడు. ఆయన పోయాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఇదే పంచలో అత్తకు తల దువ్వుతూ మళ్ళీ అడిగాను. నవ్వింది. నవ్వుతూనే, దువ్వెన తలలో ఉండగానే కునుకు పట్టింది. నేను లేపలేదు. ఆ ఏడే ఆమె కూడా వెళ్ళిపోయింది. నా మరదలికి కూడా తెలియదు. అమ్మ చెప్పలేదంది.

మీరేది అడిగినా, తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను. నాకు మాత్రం ఇప్పుడెవరు చెబుతారు? ఇంకా తనది కాని ఇంటి గురించి, ఇంకా తనవాడు కాని మనిషితో, అరచేతిలో పచ్చరంగు చూపించి ఆ పిల్ల ఏమని ఉంటుంది?